పెద్దాయన ముందు పెట్టిన కప్పు

దిర్ఘామ్ కుడికాలు పుట్టినప్పటి నుంచీ ఒకచోట నిలిచింది లేదు. భోజనం దగ్గర ఆడేది, బడిలో బెంచీ కింద ఆడేది, నిద్రలో కూడా దుప్పటి కింద ఆడుతూనే ఉండేది. "వీడికి దేవుడు ఇంజనిచ్చాడు, బండివ్వడం మరిచిపోయాడు" అని వాళ్ళమ్మ వచ్చిన వాళ్ళందరి ముందూ నవ్వేది. మా మాదబా ఊళ్ళో కుదురులేని కుర్రాళ్ళకు కొదవ లేదు. కానీ వీడి పక్కన కూర్చుంటే మన టీ గ్లాసు కూడా వణికేది.

బండి లేకపోవడమేమీ లేదు. తండ్రి అబూ దిర్ఘామ్‌కి ఒక పాత తెల్ల వ్యాను ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో తీసిన లబ్‌నె, అంటే గుడ్డలో కట్టి నీరు తీసిన గట్టి పెరుగు, డబ్బాలకెత్తి అమ్మాన్ దుకాణాలకు వేయడం ఆయన పని. చక్కెర జబ్బు కళ్ళకెక్కింది. ఎదుటి మనిషి తలగుడ్డ ఎరుపో తెలుపో తెలిసేది గానీ కింద ఉన్న ముఖం ఎవరిదో తెలిసేది కాదు. ఒకరోజు వ్యాను బేకరీ గోడకు రాసుకుంది. ఆయన ఇంటికొచ్చి తాళంచెవి మేకుకు తగిలించి, మళ్ళీ ముట్టుకోలేదు. ఆ చలికాలమంతా వ్యాను వాకిట్లోనే పడి ఉంది. దాని కింద కోళ్ళు కాపురం పెట్టాయి. దాని ముక్కు మీద దిర్ఘామ్ తల్లి రొట్టెల్లోకి జాతర్ ఆకు ఎండబోసుకుంది. ఆ ఇంటి ఆశంతా కొడుకు లైసెన్సు మీదే ఉండేది.

పంతొమ్మిదో ఏట అది చేతికొచ్చింది. ఆ రోజు తండ్రి దాన్ని ముఖానికి ఆనించుకుని చూశాడు. ఫొటో ఆనలేదు. "ఇందులో కాలు కూడా పడిందా?" అని అడిగాడు. ఇల్లంతా నవ్వింది. కోళ్ళను తరిమారు, వ్యాను కడిగారు. దుకాణాల వాళ్ళకు కబురు కూడా వెళ్ళింది, పెళ్ళి హడావిడి అయిపోగానే సరుకు మళ్ళీ వస్తుందని.

పెళ్ళి వీడి పెదనాన్న కొడుకు హైథమ్‌ది. శుక్రవారం ఉదయం పెళ్ళికొడుక్కి గడ్డం గీయడానికి మంగలి షహాదె సంచి పట్టుకుని వచ్చాడు. ఆయనది ఈ ఊరు కాదు. ఎక్కడి నుంచో వచ్చి, మార్కెట్ వెనక రెండు గదులు, మార్కెట్లో ఒక చిన్న దుకాణం అద్దెకు తీసుకుని, చాలా ఏళ్ళుగా ఊళ్ళో సగం తలలు ఆయనే చూసుకుంటున్నాడు. చుట్టూ చేరి అందరూ పాటలు పాడుతుంటే పెళ్ళికొడుకు పని ముగించి, పక్కనే ఉన్న దిర్ఘామ్‌ని కూడా కూర్చోబెట్టి చెవుల దగ్గర సర్దాడు.

"కాలు ఆపరా నాయనా, చెవి తెగుతుంది."

"తెగితే తెగనీ బాబాయ్, ఇవాళ నేనూ బండి నడుపుతున్నా!"

ఊరేగింపు కార్ల వరసలో ఒక లెక్కుంది, అది మావాళ్ళ రక్తంలోనే ఉంది. వరస తెగకూడదు. మధ్యలో ఎవడైనా సిగ్నల్ దగ్గర చిక్కుకుని వెనకబడ్డాడా, వాడి బతుకు అయిపోయినట్టే. దిర్ఘామ్ మేనమామ సత్తామ్ అలాగే ఒకసారి బుద్ధిగా ఎర్రదీపం దగ్గర ఆగాడు. దారి తప్పి, తిరిగి తిరిగి, పెళ్ళింటికి చేరేసరికి మాంసం, అన్నం కలిపి వండిన మన్‌సఫ్ పళ్ళాల్లో ఎముకలే మిగిలాయి. అది జరిగి ఎన్నేళ్ళైందో ఎవరికీ గుర్తులేదు. ఆయన తాత కూడా అయ్యాడు. ఇప్పటికీ ఊళ్ళో ఆయన పేరు సిగ్నల్ సత్తామే.

అందుకని పెద్ద కూడలికి వచ్చేసరికి, ముందున్న కారు పసుపు దీపంలో దాటేసి, దిర్ఘామ్ ముందు దీపం ఎర్రగా మారినప్పుడు, వెనక సీట్లోంచి ముగ్గురు తమ్ముళ్ళు ఒక్కసారే అరిచారు. "ఆగావంటే నువ్వు సిగ్నల్ దిర్ఘామ్‌వే!" వాడు దీపం చూశాడు. స్పష్టంగా చూశాడు. ఒక చెయ్యి హారన్ మీదుంది, తల సగం కిటికీ బయటుంది, నోటినిండా నవ్వుంది. ఆ కాలు తొక్కాల్సిన దాన్ని తొక్కకుండా తొక్కకూడని దాన్ని తొక్కింది.

రోడ్డు దాటుతున్నది షహాదె. పొద్దుటి పని ముగించుకుని, పెళ్ళివాళ్ళు పెట్టిన మిఠాయి పొట్లంతో ఇంటికి పోతున్నాడు. నడిచేవాళ్ళకు పచ్చదీపం పడ్డాకే అడుగు వేశాడు. వ్యాను పక్క అద్దం ఆయన భుజానికి తగిలింది. కుడిచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. సంచి తెరుచుకుని కత్తెరలు, దువ్వెనలు రోడ్డంతా చెదిరాయి. పౌడరు డబ్బా విచ్చుకుని ఆయన ముఖమంతా తెల్లబడింది. ముందు కార్లు హారన్లు మోగించుకుంటూ, చప్పట్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాయి. ఎవరూ వెనక్కి చూడలేదు. వరస తెగనే తెగింది.

కూడలిలోనే ట్రాఫిక్ పోలీసు నిలబడి ఉన్నాడు. అంబులెన్సు షహాదెను తీసుకుపోయాక తాపీగా వచ్చాడు.

"వయసెంత?"

"పంతొమ్మిది."

"నీది కాదు, నీ లైసెన్సుది."

"మూ... మూడు వారాలండీ."

"పళ్ళన్నా రాలేదన్నమాట. పెళ్ళా?"

"అవునండీ."

"మబ్రూక్, శుభం. దిగు."

చలానా చేతిలో పెట్టాడు, లైసెన్సు జేబులో వేసుకున్నాడు, వ్యానును లాక్కెళ్ళారు. ఎర్రదీపం దాటి మనిషిని గాయపరిచాడు కాబట్టి డబ్బు కట్టి బయటపడే చలానా కాదది, కోర్టుకు పోవాలి. దిర్ఘామ్ ఆ కాగితం పట్టుకుని రోడ్డు మీద కత్తెరలు ఏరుతూ ఉండిపోయాడు. ఒక కత్తెర లారీ కింద పడి వంగిపోయింది. దాన్ని కూడా వదిలిపెట్టలేదు.

ఆ తర్వాత వాడికి ఇంట్లో కూర్చుంటే ఊపిరాడలేదు, బయటికొస్తే ముఖం చెల్లలేదు. వాకిట్లో వ్యాను ఉండే చోట నూనె మరక మిగిలింది. దాని చుట్టూ తిరిగేవాడు. జేబులో తాళంచెవి ఒకటే తిప్పేవాడు, వ్యాను లేకపోయినా. షహాదె మణికట్టు విరిగిందని, మోచేతి దాకా కట్టు వేశారని తెలిసింది. వినగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. తల్లి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఒక్క మాట చెప్పి వచ్చేస్తానమ్మా."

"మీ పెదనాన్న హాజ్ నాయిఫ్ వద్దన్నారు. పెద్దమనుషులు వెళ్ళకముందే నువ్వెళితే తప్పు ఒప్పుకున్నట్టట."

"ఒప్పుకుంటే ఏం?"

ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. లోపల గదిలో తండ్రి దగ్గు వినిపించింది, అదే జవాబనుకోవాలి. దిర్ఘామ్ మిద్దెక్కి, అక్కడి నుంచి ఆసుపత్రి కనిపించేవైపు పచార్లు చేశాడు. కింద గదిలో పైకప్పు సున్నం రాలింది.

హాజ్ నాయిఫ్ ఆ కుటుంబాలన్నిటికీ పెద్ద దిక్కు. దిర్ఘామ్‌కి వరసకు పెదనాన్న. గొంతు విప్పితే పక్క వీధి కుక్కలు కూడా ఊరుకుంటాయి. వకీలు చదివిన ఒక మేనల్లుడు ఆయనకు విషయం విడమరిచి చెప్పాడు. దెబ్బతిన్న మనిషి తన హక్కు వదులుకుంటున్నానని కోర్టులో ఒక్క మాట అంటే చాలు, కుర్రాడి లైసెన్సు చేతికొచ్చేస్తుంది. అనకపోతే పోతుంది, ఎంతకాలమో జడ్జి ఇష్టం. "ఇంతేనా?" అన్నాడు హాజ్ నాయిఫ్. "జాహా తీసుకెళదాం."

జాహా అంటే పెద్దమనుషులు అడగడానికి వెళ్ళడం. పెళ్ళి సంబంధానికైనా అదే, తప్పు కాయమనడానికైనా అదే. వెళ్ళిన వాళ్ళ పెద్ద ముందు ఇంటివాడు కాఫీ పెడతాడు. పెద్దాయన దాన్ని ముట్టుకోడు. అడగవలసింది అడుగుతాడు. ఇంటివాడు సరే అంటే, "మీ కాఫీ తాగండి" అంటాడు, తాగుతారు. ఇంతమంది పెద్దలను కాఫీ ముట్టకుండా గడప దాటించడం మా వైపు మామూలు గుండెకు సాధ్యమయ్యే పని కాదు. అది అందరికీ తెలుసు, అందుకే అంతమందిని తీసుకెళతారు.

గురువారం మధ్యాహ్నం కార్లు బయలుదేరాయి. హాజ్ నాయిఫ్ దిర్ఘామ్‌ని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు, దారి పొడుగునా పాఠం చెప్పాడు.

"నువ్వు నోరు మెదపకు. చేతులు ఒళ్ళో పెట్టుకో. ముందే ఎవడైనా ఆ కప్పు తాగాడో, మనం అడగడానికి ఏమీ లేదన్నట్టే. జాహా మట్టిలో కలిసినట్టే. తెలిసిందా?"

"తెలిసింది పెదనాన్నా."

"బ్రేకు పడలేదు. అదీ సంగతి."

"బ్రేకు బాగానే ఉంది పెదనాన్నా."

"ఇప్పుడు బాగాలేదు."

వెనక సీట్లో తండ్రి తలగుడ్డ సర్దుకున్నాడు. దిర్ఘామ్ కాలు కారు నేలను దబదబా కొడుతూనే ఉంది. "ఆ కాలును ఇంట్లో పెట్టి రావలసింది" అన్నాడు హాజ్ నాయిఫ్.

షహాదె ముందుగది చిన్నది. బేకరీ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు గోడల వెంట ఇరికించారు. మేలిరకం అంగవస్త్రాలు కప్పుకుని మనవాళ్ళు వరసగా లోపలికొచ్చి కూర్చున్నారు. చోటు చాలనివాళ్ళు మెట్ల మీద నిలబడ్డారు. ఎదుటి పక్షాన పెద్దలు ఉండాలి, పలకరించాలి, మాటకు మాట చెప్పాలి. షహాదె పక్షాన ఉన్నది ఇంటి యజమాని బేకరీ ముసలాయన ఒక్కడే. ఆయనకూ చెముడు. షహాదె గడ్డం మాసి ఉంది. ఊరందరికీ గీసే మనిషి తనది గీసుకోలేకపోయాడని దిర్ఘామ్‌కి అప్పుడు తట్టింది. 

గుమ్మం తెర వెనక నుంచి ఇల్లాలు కాఫీ కూజా అందించింది. కూజా ఎడమచేత పట్టుకోవాలి, కప్పు కుడిచేత్తో అందించాలి. ఎడమచేత్తో అందిస్తే ముఖాన కొట్టినట్టే. షహాదె కాఫీ వంచి, కూజా కింద పెట్టి, కట్టులోంచి బయటికి పొడుచుకొచ్చిన వేళ్ళ కొసలతో ఆ చిన్న కప్పును పట్టుకున్నాడు. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కప్పు వణికి సగం కాఫీ కట్టు మీద ఒలికింది. "మన్నించాలి హాజ్‌గారూ" అన్నాడు. నుదుట చెమట పట్టింది. మళ్ళీ వంచి, మళ్ళీ ఆ వేళ్ళతోనే పట్టుకుని, పళ్ళు బిగబట్టి అందించాడు. హాజ్ నాయిఫ్ అందుకుని ముందున్న బల్ల మీద పెట్టాడు.

మన్నించాలన్నది ఆయన. విరగ్గొట్టినవాడు అక్కడే కూర్చుని చూస్తున్నాడు.

హాజ్ నాయిఫ్ గొంతు సవరించుకున్నాడు. దేవుణ్ణి తలిచాడు, ఊరి పరువు తలిచాడు, పొరుగుబంధం తలిచాడు. తర్వాత బ్రేకు దగ్గరికొచ్చాడు. "పిల్లవాడు ఎర్రదీపం చూశాడు. ఆపాలనే తొక్కాడు. పాత బండి, బ్రేకు పట్టలేదు. రాసిపెట్టి ఉంటే మనమేం చేయగలం?"

షహాదె తలెత్తి దిర్ఘామ్ వైపు చూశాడు. కోపంగా కాదు. రోడ్డు మీద పడబోయే ముందు ఆయన చూసింది కిటికీలోంచి నవ్వుతున్న ముఖాన్ని. ఆ ముఖం ఇప్పుడేం చెబుతుందోనని చూసినట్టుంది. తర్వాత కళ్ళు కుర్చీల వెంట, మెట్ల మీద నిలబడ్డ వాళ్ళ వెంట తిరిగాయి. అందరూ ఆయన గీసిన గడ్డాలే. రేపు మళ్ళీ వీళ్ళే రావాలి, ఈ ఊళ్ళోనే బతకాలి. ఆయన పెదవులు తడుపుకున్నాడు. "మీ కాఫీ తాగండి" అన్న మాట గొంతు దాకా వచ్చేసింది.

దిర్ఘామ్‌కి ఒళ్ళంతా మంట పుట్టింది. ఇంకొక్క క్షణం ఆగితే లైసెన్సు వస్తుంది, వ్యాను వస్తుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ మాట షహాదె నోట రాకూడదని, ఇలా రాకూడదని వాడికి ఎంతగా అనిపించిందంటే, ఆలోచించడానికి కూడా తీరిక లేకపోయింది. చెయ్యి చాచాడు. పెద్దాయన ముందున్న కప్పు తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు.

 కళ్ళు ఆనని తండ్రికి గుటక చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఎవరు తాగారు?" అని అడిగాడాయన.

"నేనే నాన్నా."

దిర్ఘామ్ కప్పు కింద పెట్టాడు. మర్యాదగా తాగినవాళ్ళు ఇంటివాడితో అనవలసిన మాట ఒకటుంది. అదొక్కటే వాడికి గుర్తొచ్చింది. "ఈ ఇంట్లో కాఫీ ఎప్పుడూ ఉండాలి బాబాయ్."

షహాదె అలవాటు కొద్దీ బదులన్నాడు. "నీ ఒంటికి పట్టాలి నాయనా." అన్నాక, ఏం జరిగిందో అప్పుడే తెలిసినట్టు కళ్ళు వాల్చుకున్నాడు.

హాజ్ నాయిఫ్ లేచాడు. అంగవస్త్రాలన్నీ లేచాయి. మెట్ల దగ్గర ఆయన ఆగి, దిర్ఘామ్ వైపు చూడకుండానే అన్నాడు. "గాడిదకు కూడా దాహం వేసే సమయం తెలుస్తుంది." ఇంటికి వెళ్ళడానికి ఆ తండ్రీకొడుకులకు ఏ కారులోనూ చోటు దొరకలేదు. తండ్రి కొడుకు భుజం పట్టుకుని నడిచాడు. సగం దారిలో, "నోట్లో పెట్టుకోగానే రుచి తెలిసిందా, చేదుగా ఉందా?" అని మాత్రం అడిగాడు. "తెలియలేదు నాన్నా, మింగేశాను."  ఇల్లు చేరేదాకా ఆయన కొడుకు భుజం మీద చెయ్యి తీయలేదు.

కోర్టులో జడ్జి షహాదెను అడిగాడు. "నీ హక్కు వదులుకుంటున్నావా?"

"నన్నెవరూ అడగలేదండీ."

"అదేమిటి, జాహా రాలేదా?"

"వచ్చారండీ. కాఫీ తాగి వెళ్ళిపోయారు."

జడ్జి కూడా ఈ మట్టిలో పుట్టినవాడే. కలం కింద పెట్టాడు. "ఎవరు తాగారు?"

"నేనండీ" అన్నాడు దిర్ఘామ్. జడ్జి వాడిని చాలాసేపు చూశాడు. చూసి, లైసెన్సు ఏడాది పాటు తీసేశాడు.

ఆ ఏడాది వాడెలా బతికాడో మేమంతా చూశాం. తెల్లవారుతూనే లబ్‌నె డబ్బాలు భుజానికెత్తుకుని అమ్మాన్ బస్సెక్కేవాడు. మోయగలిగినంతే సరుకు, అందులోనూ సగం బస్సులో ఒలికేది. తిరిగొచ్చిన వ్యాను కింద కోళ్ళు మళ్ళీ చేరాయి. తల్లి గాజులు పెట్టెలోంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు తగ్గారు. హాజ్ నాయిఫ్ సలాం అందుకునేవాడు కాదు. ఊళ్ళో వాడి పేరు కాఫీ దిర్ఘామ్ అయింది. సిగ్నల్ సత్తామ్ ఒక్కడే వాడిని చూసి మనసారా సంతోషించాడు. "రారా అల్లుడూ, ఇన్నాళ్ళకు నాకో తోడు దొరికింది" అని వీధిలోనే కౌగలించుకున్నాడు.

షహాదె దుకాణం ముందు నుంచి మాత్రం దిర్ఘామ్ ఎప్పుడూ వెళ్ళలేదు. చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. జుట్టు తల్లే కత్తిరించేది, చూసినవాళ్ళంతా నవ్వేవాళ్ళు.

లైసెన్సు తిరిగి చేతికొచ్చిన రోజున వాడు వ్యాను దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా షహాదె దుకాణానికి వెళ్ళాడు. లోపల ఒకాయన పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. షహాదె వీడిని అద్దంలోనే చూశాడు. తలవైపు చూశాడు.

"ఎవరు కత్తిరించారిది, గొర్రెల కాపరా?"

"మా అమ్మ."

"కూర్చో."

కత్తిరిస్తూ మధ్యలో ఆపి, మణికట్టు పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పుకుని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. దిర్ఘామ్ అద్దంలో అదంతా చూస్తూ కూర్చున్నాడు. పని అయ్యాక షహాదె మూలనున్న కూజాలోంచి కాఫీ వంచి, కుడిచేత్తో అందించాడు. కప్పు వణికింది గానీ ఒలకలేదు.

దిర్ఘామ్ అందుకుని, తాగకుండా, అద్దం కింద బల్ల మీద పెట్టాడు.

పేపరాయన పేపరు దించాడు. షహాదె చేతిలో దువ్వెన ఆగింది.

"ఏమిటిది?"

"అడగాల్సింది ఒకటుంది బాబాయ్. ఆ రోజు నన్ను అడగనివ్వలేదు."

"చెప్పు."

"బ్రేకు బాగానే ఉంది. దీపం చూశాను. ఎర్రగా ఉందని తెలిసే తొక్కాను." వాడు కుర్చీలోనే షహాదె వైపు తిరిగాడు. "నన్ను మన్నించు."

షహాదె దువ్వెన తుడిచాడు, దాని చోట పెట్టాడు. నేల మీద జుట్టు ఊడ్చి మూలకు చేర్చాడు. కప్పులోంచి ఆవిరి తగ్గిపోయింది. కుర్చీ కిందనుంచి దిర్ఘామ్ కాలి చప్పుడు దుకాణమంతా వినబడుతోంది.

"చలికి ఈ చెయ్యి సలుపుతుంది" అన్నాడు చివరికి. "సలిపినప్పుడల్లా నిన్ను తిడతాను. ఇక ముందూ తిడతాను."

"తిట్టు బాబాయ్."

"కాలు ఆపి తాగు. చల్లారిపోతోంది."